మంటల్లోంచి తెచ్చిన రాయి

తొరాకిచి చేతులు చూసి అయ్యో అన్నవాళ్ళంటే కినుకి ఒళ్ళుమంట. "అయ్యో దేనికి? దణ్ణం పెట్టండి!" అని మొహం మీదే అనేసేది. మొగుణ్ణి వెనకేసుకురావడమంటే అలా ఉండాలి.

తాతల కాలంలో ఆకాశం నుంచి పడ్డ రాయిని మా షిమోయామ ఊళ్ళో ఏడాదికో ఇల్లు వంతున దాచుకుంటాం. తర్వాతి ఇంటికి అప్పగించేముందు ఇంటి పెద్దావిడ దాన్ని కడిగి ఆరబెట్టాలి. ఇంకెవరి కంటా పడకూడదు. కిను కాపురానికొచ్చిన ఏడాది ఆ వంతు వాళ్ళింటిది. అత్తగారు రాయి కడిగి వంటింట్లో పెట్టిన మధ్యాహ్నమే పొయ్యిలో నిప్పు గడ్డికప్పుకి అంటుకుంది. ఊరంతా "రాయి! రాయి!" అని గుండెలు బాదుకుంటుంటే తొరాకిచి లోపలికి దూకాడు. పొగలో తడుముకుని, రాయిని పొట్టకి అదుముకుని బయటపడ్డాడు. కాలిన వేళ్ళు మళ్ళీ తిన్నగా కాలేదు. ఆ వంకర వేళ్ళతోనే ఇల్లు తిరిగి కట్టాడు, వరి పండించాడు. మహానుభావుడు!

మొన్న వసంతంలో మ్యూజియం ఆవిడ వచ్చి, పెద్దల అనుమతితో రాయికి అయస్కాంతం ఆనించింది. ఆకాశం నుంచి పడ్డదైతే ఇనుముండి అతుక్కోవాలట; ఇది అంటుకోలేదు. ఇంకా ఏవేవో చూసి, "క్షమించండి తాతగారూ, ఇది ఏటిరాయి" అంది.

తొరాకిచి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "ఏటిరాయి కోసమా కినూ, ఈ చేతులు కాల్చుకున్నాను?"

అప్పుడు తట్టింది కినుకి, ఆ మధ్యాహ్నం తనూ ఊరగాయ తొట్టి మీద బరువుకి పెట్టే రాయిని కడిగి ఆ వంటింట్లోనే పెట్టానని. మసిపట్టిన రాళ్ళని అత్తగారూ పోల్చుకోలేదు; తర్వాత బూడిదలో దొరికిన రాయి తనదే అనుకుని కిను ఇన్నేళ్ళూ ముల్లంగి ఊరగాయ తొట్టి మీద బరువు పెడుతోంది. పరుగున వెళ్ళి మ్యూజియం ఆవిడని అయస్కాంతం అడిగి తెచ్చి దానికి ఆనించింది. టక్కున అతుక్కుంది.

తొరాకిచి నోరు తెరిచాడు. "అయితే నేను తెచ్చింది నీ ఊరగాయ రాయా! ఊరు ఊరంతా నవ్వుతుందే!"

"నవ్వితే నవ్వనీ. పిచ్చి మనిషీ, ఆకాశం నుంచి మండుతూ వచ్చినదానికి మన వంటింటి మంట ఓ లెక్కా? నువ్వు తేకపోతే నా రాయే ఆ వేడికి ఠప్పున పగిలిపోయేది. కాపాడాల్సినదాన్నే కాపాడావయ్యా. ఏవీ, ఆ చేతులిలా ఇవ్వు."