మంచం కింది చెక్కలు

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి టీ తాగడానికి పోయే రకం. మూడు షిఫ్టుల్లో పనిచేసేవాడికి భయపడే తీరిక కూడా ఉండదు. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఆ రోజు చూసింది చూసినట్టే రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. బెంగళూరు కంటోన్మెంటు వైపు ఒక పాతకాలపు ఇంట్లో పైభాగం అద్దెకు తీసుకున్నాం. నేను, నా భార్య సుజాత, మంచం పట్టిన మా అమ్మ. నా ఫ్యాక్టరీ జిగణిలో. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. అంత దూరం ఎందుకంటే, మంచంలో మనిషి ఉందని తెలిస్తే ఇల్లు ఎవరూ ఇవ్వరు. ఇంట్లో చావు జరిగితే తర్వాత అద్దెకు ఎవరూ రారని వాళ్ల భయం. ఎన్నో ఇళ్లు తిరిగాక, కింద ఒంటరిగా ఉండే ఈ ఓనరమ్మ ఒక్కరే సరేనన్నారు.

అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కుడిచేయి పిడికిలి బిగుసుకుపోయింది. సుజాత రోజూ పొద్దున ఒక్కో వేలూ బలవంతంగా విప్పి, లోపల తడిగుడ్డతో తుడిచేది. ఆ చేత్తోనే అమ్మ ఒకప్పుడు అగరుబత్తీలు చుట్టి నన్ను పెంచింది.

పై గదికి టేకు చెక్కల నేల. మేం పుట్టి పెరిగినవన్నీ ఎర్ర గచ్చు ఇళ్లు. శుక్రవారం వస్తే బిందెలకొద్దీ నీళ్లు పోసి కడగందే మాకు తోచదు. పైగా అమ్మ పక్క తడిపేది, వాసన. సుజాత రోజూ మంచం కింద ఫినాయిలు నీళ్లు గుమ్మరించి చీపురుతో కడిగేది. చెక్క మీద నీళ్లు పోయకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. ఆ వానాకాలానికి చెక్కలు ఉబ్బి అంచులు లేచాయి, నల్లటి మచ్చలు కట్టాయి. ఒకరోజు నీళ్లు కింద ఓనరమ్మ దిండు మీదికే కారాయి.

ఆమె అరవలేదు. నెల లోపల నేలను మునుపటిలా చేయండి, లేదా ఖాళీ చేయండి అని కన్నడంలో మెల్లగా చెప్పి దిగిపోయారు. అరిచి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. అమ్మను తీసుకొని మళ్లీ ఇళ్ల వేట పడలేక నేల బాగుచేయడానికే పూనుకున్నాను.

పనివాళ్లను పెట్టే స్తోమత లేదు. ఫ్యాక్టరీలో పెట్టెలు చేసే వడ్రంగి పని నేర్పాడు. బాగా ఆరనిచ్చి, గాజు పెంకుతో పాత మైనం గీకాలి. తర్వాత గరుకైన ఉప్పుకాగితంతో రుద్దాలి, చివర అవిసె నూనె పట్టించాలి. చెక్క గీతల వెంబడే రుద్దు, అడ్డంగా పోతే గీరలు పడతాయి అని పదిసార్లు చెప్పాడు. నేను అడ్డంగానే రుద్దాను. గంటసేపు మోకాళ్ల మీద కూర్చున్నాక చేయి ఎటు పోతే అటే రుద్దుతాం.

మూడు ఆదివారాలు అలా గడిచాయి. ఒళ్లంతా పొట్టు, నడుం ఇరుసు విరిగినట్టు. నాలుగో ఆదివారం మధ్యాహ్నానికి అమ్మ మంచం కింద తప్ప అంతా అయింది. అది బరువైన ఇనుప మంచం, కింద దూరి పనిచేసేంత ఎత్తు లేదు. సాయంత్రం ఇద్దరు స్నేహితులు వచ్చి ఎత్తిపెడతామన్నారు. మర్నాడే ఓనరమ్మ చూడ్డానికి వస్తారు. అక్కడి నలుపు పోవాలంటే నాకు రెండు రోజులు పడుతుంది. వదిలేద్దాం, ఎవరు చూస్తారు అన్నాను.

“నీళ్లు కారింది ఆడే కదా. ఆయమ్మ వంగి చూడకుండా పోతాదా?” అంది సుజాత.

ఆమె అన్నది నిజం. అందుకే ఒళ్లు మండింది. ఆమెను ఏమీ అనలేక అమ్మ వైపు తిరిగాను.

“నీ కోసమే కదమ్మా ఈ ఇల్లు పట్టుకోని వేలాడుతుండేది. నువ్వు లేకుంటే ఎప్పుడో ఫ్యాక్టరీ దగ్గర హెబ్బగోడిలో ఒక రూము చూసుకోని పడుండేవాళ్లం.”

అమ్మ నన్ను కాసేపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది.

ఇంత తిని, దుమ్ము పడలేక మేమిద్దరం వంటగదిలో చాప వేసుకొని పడుకున్నాం. మెట్ల తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టాను. అప్పుడు ఒంటిగంటన్నర. స్నేహితులు తలుపు కొడితే లేచాం, నాలుగైంది. గడియ పెట్టినట్టే ఉంది. నేనూ స్నేహితులిద్దరూ పట్టుకొని, అమ్మతో సహా మంచాన్ని గోడవారకు జరిపాం.

కింద నలుపు లేదు. మంచం పట్టినంత మేరా చెక్కలు తేటగా, గీతల వెంబడే, ఒక్క గీర లేకుండా ఉన్నాయి. ఒక స్నేహితుడు కూర్చొని తడిమి చూశాడు.

“ఈడ మాత్రం నీ చెయ్యి బాగా కుదిరిండాదప్పా” అన్నాడు.

నేను నవ్వాను.

మంచం మళ్లీ మునుపటి చోటే పెట్టి వాళ్లు పోయాక సుజాతను అడిగాను. ఆమె నేనే చేశాననుకుంటోంది. నీళ్ల బిందెలు మోసి తన మణికట్టు వాచి వారమైంది, సంగటి కూడా నేనే కెలుకుతున్నాను. గూట్లో ఇటుక కింద మూడు కొత్త ఉప్పుకాగితాలు మంచం కింద పనికని పెట్టి ఉంచాను. అవి ఇటుక కిందే ఉన్నాయి. మూడూ గరుకు పోయి గుడ్డపేలికల్లా అయ్యాయి.

దీపాల వేళ సుజాత అమ్మకు ఒళ్లు తుడుస్తూ నన్ను పిలిచింది. అమ్మ పిడికిలి ఎప్పటిలాగే బిగుసుకొని ఉంది. వేళ్లు విప్పి చూపించింది. అరచేతి గీతల్లో, గోళ్ల కింద సన్నటి చెక్కపొట్టు. వేలికొసలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. గాలికి పడిందనుకుందామంటే దుప్పటి మీద నలుసు లేదు. పొద్దునే ఆ చేయి తుడిచానని సుజాత అంది. తర్వాత డాక్టరును అడిగితే, అలాంటి చేయి దానంతట అది తెరుచుకోదని చెప్పాడు.

సోమవారం ఓనరమ్మ వచ్చారు. గది మధ్యలో నా గీరలన్నీ చూసి పెదవి విరిచారు. మంచం కింద వంగి చూసి, చాలాసేపు తడిమారు. మీ అమ్మ ఉన్నంతవరకు ఉండండి అని వెళ్లిపోయారు. సుజాత ఏడ్చింది.

నేను మాత్రం అమ్మ దగ్గరికి పోలేకపోయాను. ఆదివారం అన్న మాటకు క్షమించమని అడగాలని ఉంది. అడిగితే, ఆ పని ఆమే చేసిందని ఒప్పుకున్నట్టు అవుతుంది. అది నా బుద్ధికి ఎక్కలేదు, ఒప్పుకోవాలంటే భయంగానూ ఉంది. మంగళవారం, బుధవారం, గురువారం రేపు రేపు అనుకుంటూ బస్సులెక్కాను. శుక్రవారం పొద్దున ఆరింటికి అమ్మ పోయింది. నేనప్పుడు పళ్లు తోముకుంటున్నాను.

ఆ చెక్కలను ఎవరు నునుపు చేశారో ఇప్పటికీ చెప్పలేను. అమ్మ కాదని చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.