రేడియోకు చెవి ఆనించిన మా పద్మ

ఆ యేడు చెరకు క్రషింగ్ అయిపోయి బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ఆగిన రోజు సాయంత్రం మా క్వార్టర్లలో అందరికీ హాయిగా ఉంది. మిల్లు నడిచినన్నాళ్ళూ దాని రొద మా ఇళ్ళదాకా వస్తుంది. ఆ కాలంలో మేము మాట్లాడుకోం, అరుచుకుంటాం. రేడియో కూడా నిండా పెంచి పెడతాం. మిల్లు ఆగగానే అన్నీ తగ్గిపోతాయి. మిల్లులో పనిచేసే మా ఆయన రేడియో చిన్నగా పెట్టి, మంచం మీద కాళ్ళు చాపుకుని పాటలు వింటున్నారు. పక్కన కూర్చున్న మా పద్మ లేచి వెళ్ళి, రేడియో ముందరి బట్టకు చెవి ఆనించి నిలబడింది. అన్నానికి రమ్మని ఎంత పిలిచినా కదలలేదు. నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆ తేడా చెవిలో ఉందని మాత్రం తోచలేదు.

పద్మకు అప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది.

"దీనికి రేడియో పిచ్చి వట్టింది. నెత్తిన వెట్టుకున్నరు గద, ఇగ పడుండ్రి," అంది మా అత్తమ్మ. ఆవిడ పొద్దున్నించీ బీడీలు చుడుతూ అదే రేడియో వింటుంది. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

రోజులు గడిచేకొద్దీ పిచ్చి ముదిరిందనే అనుకున్నాం. రేడియో పెడితే చాలు, అతుక్కుపోయేది. సినిమాకు తీసుకుపోతే "ఏమంటుండు? ఏమంటుండు?" అని నన్ను గోకుతూనే ఉండేది. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి కసురుకునేవారు. అంతలో బడినుంచి సారు కబురు పంపారు. వెళితే, "మీ పిల్ల అడిగినదానికి జవాబు జెప్పదమ్మా. దిక్కులు సూస్తది. వచ్చేయేడు గూడ మూడోదాంట్లనే ఉంచాల్సి వస్తది," అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ తేల్చేసింది. "సదువు రాకపాయె. బడి బంద్ చేపిచ్చి బీడీలు నేర్పుదాం. నా పక్కన కూసుంటది."

మా ఆయన రేడియోను దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టారు. సినిమాలు కూడా బందు. బడి తెరిచేలోపు పిల్ల దారిలో పడకపోతే తల్లి చెప్పినట్టే చేద్దామన్నారు. నాకు బడి మాన్పించడం ఇష్టం లేదు. చెప్పేందుకు నా దగ్గర వేరే మందూ లేదు.

ఎండాకాలంలో పద్మను తీసుకుని కోటగిరిలో మా అన్న ఇంటికి వెళ్ళాను. అక్కడ రేడియో లేదు. పిల్ల బుద్ధి కుదురుతుందని నా ఆశ. ఒక పొద్దున పశువుల కొట్టం దగ్గర పద్మ దూడకు గడ్డి పెడుతోంది. వెనకనుంచి, "పద్మా, జర ఇటు రావే," అని పిలిచాను. బర్రె తల తిప్పి చూసింది. దూడ చూసింది. పద్మ చూడలేదు. మళ్ళీ పిలిచాను. బర్రె నన్నే చూస్తూ నిలబడింది, నీకేం కావాలి అన్నట్టు.

అక్కడ రేడియో లేదు, మిల్లు లేదు. నా బిడ్డకు నా గొంతు వినబడటం లేదు, అంతే. మా ఇళ్ళలో అందరం అరిచి మాట్లాడుకునేవాళ్ళం కావడంతో ఆ సంగతి ఎవరికీ పట్టుబడలేదు.

అన్న దగ్గరే ఉండే మా అమ్మ, మేం అవ్వ అంటాం, చెవిలో పోయడానికి వెంటనే ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, వేసి నూనె కాచింది. నేను కూడా సరేనన్నాను. ఆ నూనెతో పాటు చెవిలోంచి చీము వచ్చేసరికి, అందరం హడలిపోయి మొదటి బస్సుకే బోధన్ చేరాం. అక్కడి డాక్టరు చెవిలోకి తొంగిచూసి, "నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొండి. ఇ.ఎన్.టి. డాక్టర్‌కు చూపించాలి," అన్నారు.

నిజామాబాద్‌లో డాక్టరుగారు రెండు పాయల ఇనుప కడ్డీని మోగించి పద్మ చెవి దగ్గర, చెవి వెనక ఎముక మీద పెట్టి చూశారు. ట్యూనింగ్ ఫోర్క్ అంటారట. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టారు.

"రెండు చెవుల్లోనూ ఇన్‌ఫెక్షన్ ఉందమ్మా. ఎడమ ఇయర్ డ్రమ్‌కు పెర్ఫొరేషన్ పడింది. అంటే లోపలి పర్దాకు చిల్లు. చాన్నాళ్ళనుంచే సరిగ్గా వినబడట్లేదు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"మా ఇంట్ల అందరం గట్టిగనే మాట్లాడుతం సార్," అన్నారు మా ఆయన. పక్క గదిలోంచి నర్సు వచ్చి చూసింది. డాక్టరుగారు తన చెవి రుద్దుకుంటూ, "తెలుస్తూనే ఉందిలెండి," అన్నారు.

"రేడియోతోని పాడైనయా సార్? దాన్ని అటక మీద వెట్టినం," అన్నాను.

"లేదమ్మా. మాటిమాటికీ జలుబు చేసి, టాన్సిల్స్ వాచి అక్కడినుంచి వచ్చింది. వినబడక పాపం రేడియో దగ్గరికి పోయింది. మీరు దాన్ని తీసి అటక మీద పెట్టకండి. చిన్నగా పెట్టి, దూరంగా కూర్చోబెట్టండి. రోజూ కాసేపే. పక్కన ఒకరు కూర్చుని, ఏం విన్నావో చెప్పమని అడగండి. వినికిడి ఎట్లా ఉందో మీకే తెలుస్తుంది. చెవిలో మాత్రం నూనె, నీళ్ళు, ఏమీ పోయొద్దు."

పెన్సిలిన్ ఇంజెక్షన్లు, చుక్కల మందు, దూదితో చెవి పొడిగా తుడవడం మొదలయ్యాయి. రేడియో అటక దిగింది. నేను దాని సౌండు గుండీ పక్కన కుంకుమ బొట్టు పెట్టి, అది దాటి ఎవరూ పెంచకూడదన్నాను. సాయంత్రం ఒక్క ప్రోగ్రాం. అన్నం తినేటప్పుడు బందు. ఆదివారం పిల్లల ప్రోగ్రాం వచ్చినప్పుడు పద్మను వెనక్కి వెనక్కి జరిపి, ఎంత దూరంనుంచి మాటలు పట్టుకోగలిగితే అక్కడ నేల మీద సుద్దతో గీత గీసేదాన్ని.

అత్తమ్మ అలిగింది. "మరి నా పొద్దెట్ల పోవాలె?"

దానికి పద్మే మందు వేసింది. విన్న కథంతా నాయనమ్మ పక్కన కూర్చుని తిరిగి చెప్పేది. కథలో ఒక్క పులి ఉంటే, చెప్పేటప్పటికి పులి కుటుంబమంతా వచ్చేది. "రేడియోల గిన్ని పులులు లెవ్వు గదనే," అంటూనే అత్తమ్మ తర్వాతేమైందని అడిగేది. బీడీలు నేర్పే మాట ఆవిడ నోటినుంచి మళ్ళీ రాలేదు. మా ఆయన బడికి వెళ్ళి సారుకు సంగతి చెప్పి, ముందు బెంచీలో కూర్చోబెట్టించారు. నాలుగో తరగతికి పంపి చూస్తామన్నారు సారు.

గీత మంచం దాటింది, తలుపు దగ్గరికొచ్చింది. సంతోషంలో మాకు జాగ్రత్త తగ్గింది. వానాకాలంలో పద్మ దోస్తులతో కాలువకు వెళ్ళి మునకలు వేసి వచ్చింది. వారం తిరగకుండా మళ్ళీ చీము. ఆదివారం గీత గీయబోతే, పిల్ల జరుగుతూ జరుగుతూ రేడియో ముందుకే వచ్చి కూర్చుంది. ఆ రోజు నేను వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను.

"డిశ్చార్జ్, అంటే చీము కారడం, ఆగాక టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ రెండూ తీసేద్దాం. లేకపోతే ఇట్లాగే తిరగబెడుతుంది," అన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ అనగానే మా ఆయన మొహం తెల్లబోయింది. పద్మ మాత్రం, తర్వాత ఐస్‌ఫ్రూట్ తినొచ్చని నర్సు చెప్పగానే ఒప్పేసుకుంది. తెలివి వచ్చాక ఒక ఐస్‌ఫ్రూట్ తిని, గొంతు నొప్పికి మాట్లాడలేక పలక అడిగింది. అవ్వ, బాపు అని రాస్తుందేమోనని మేమిద్దరం వంగి చూశాం. "ఇంకోటి" అని రాసింది.

ఆ తర్వాత చెవులు పొడిగా నిలిచాయి. డాక్టరుగారు చూసి, పర్దా చిల్లు పూడుతోందన్నారు. గీత గడప దాటి వాకిట్లోకి వచ్చాక, అందరం కలిసి సినిమాకు వెళ్ళాం. హాలు నడుమ కూర్చున్నాం. తెర మీద వాన మొదలైంది. పద్మ నా చెయ్యి పట్టుకుని, "అవ్వా, సినిమాల వాన వడ్తే సప్పుడు గూడ వస్తదా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. తెర మీదేమో హాస్యగాడు బురదలో జారిపడుతున్నాడు. పక్కావిడ నన్ను వింతగా చూసింది.

ఇప్పుడు పద్మ ఎనిమిదో తరగతి. ఎడమ చెవి కుడిదానంత చురుకు కాదు. జలుబు చేస్తే వెంటనే చూపిస్తాం. సినిమాకు అప్పుడప్పుడూ అందరం వెళ్ళి, ఇంటికి నడుస్తూ దాని గురించి పోట్లాడుకుంటాం. మొన్న ఒక సాయంత్రం మా ఆయన పేపరు చదువుతుంటే, పద్మ ఆయన వెనక నిలబడి, "బాపూ," అని మెల్లగా పిలిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచింది. పేజీ తిప్పారు గానీ తల తిప్పలేదు. పద్మ నావైపు చూసింది. తర్వాత ఆయన ముందుకు వచ్చి కూర్చుని, మొహం చూస్తూ నిదానంగా చెప్పింది. "బాపూ, రేపు నిజామాబాద్ దవాఖానకు పోదాం. సూదులేమీ ఉండయి. భయపడకు, నేనొస్త."

ఇన్నేళ్ళ మిల్లు రొదకు ఆయన చెవిలో నర్వ్, అంటే నరం, దెబ్బతిన్నదట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు డాక్టరుగారు. ఇప్పుడాయన డ్యూటీకి వెళ్ళే ముందు చెవుల్లో దూది పెట్టుకున్నారో లేదో పద్మే చూసి పంపుతుంది.

నేను నేర్చుకున్నది చెబుతాను. రేడియోకో సినిమాకో అతుక్కుపోయిన పిల్లను కోప్పడే ముందు, వెనక నిలబడి, పేరు పెట్టి మెల్లగా పిలిచి చూడండి. తిరిగి చూస్తే, పక్కన కూర్చుని మీరూ కాసేపు వినండి. చూడకపోతే, తిట్టడం తర్వాత చూసుకుందురు గాని, ముందు బస్సెక్కండి.