పటాన్‌చెరు బస్సులో బ్రెడా దొరలు

ఆ ఉదయం సంగారెడ్డి బస్టాండులో టీ కొట్టాయన గ్లాసులన్నీ కడిగి బోర్లించి, అంచు పగిలిన ఒక్కదాన్ని మాత్రం నిలబెట్టి అందులో బంతిపువ్వు పెట్టాడు. బస్సు వచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని నాకు ఇష్టం. మధ్యాహ్నం మాత్రం ఒక గది నిండా జనం ముందు మాట్లాడాలి.

కాన్వెంటులో నాకు చరిత్ర చెప్పిన సిస్టర్‌ది హాలెండు. కొన్నేళ్ళుగా పటాన్‌చెరులో, కొత్త ఫ్యాక్టరీల పక్కన, ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పుతున్నారు. ఆ వారంలోనే స్వదేశం వెళ్ళిపోతున్నారు, మళ్ళీ రారు. వీడ్కోలుకు బహుమతులు వద్దని, "మా ఊరు బ్రెడా కథ ఒక్కసారి తెలుగులో వినాలి. నువ్వే చెప్పాలి" అని నాకు కబురు పంపారు. ఆవిడ క్లాసులో నేను ఏనాడూ లేచి జవాబు చెప్పినదాన్ని కాదు. ఇది ఆఖరి అవకాశం.

ఎనిమిదిన్నరకు ఎర్రబస్సు ఎక్కాను. టికెట్టు రూపాయి లోపే. హైదరాబాదు వెళ్ళే బస్సు ఏదైనా పటాన్‌చెరులో ఆగుతుంది. నేను మనసులో కథ వల్లె వేసుకుంటున్నాను. బ్రెడాను బ్రబాంట్ డ్యూకు నుంచి పోలానెన్ వంశం కొన్నది, తర్వాత అది నసావు వంశానికి పోయింది. ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకే రుచించలేదు.

రుద్రారంలో బీరకాయల గంపతో ఒకామె ఎక్కి పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా, పెదాలు కదుపుతున్నవ్. మొక్కా?"

"కథ, పెద్దమ్మా. ఎనుకట ఒక దేశంల దొరల కథ."

"దొరకు కొడుకులు లేరా?"

"ఒక్కతే బిడ్డ. పదకొండేండ్లకే పెండ్లయింది."

"నాకు గంతకన్న ముందే అయింది. ఇగ ఊరెవలకు వోయింది?"

"పెనిమిటికి. ఆయనది జర్మనీ. నసావు ఇంటాయన."

"ఇల్లరికం అను. జెర సక్కగ చెప్పరాదూ."

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "అల్లుడు మంచిగున్నడా, మామ సొమ్ము తిని కూసున్నడా?"

"నీ లెక్కనా?" అంది పెద్దమ్మ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పటాన్‌చెరులో దిగి పావుగంట నడిచాను. కుట్టుమిషన్లు గోడకు జరిపి చాపలు పరిచారు. భోజనాలయ్యాక లేచి నిలబడ్డాను. డ్యూకును వదిలేశాను. "ఎనుకట ఒక దొరకు ఒక్కతే బిడ్డ" అన్నాను.

"అల్లుడు ఇల్లరికమా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇక ఆగలేదు. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఆ ఊరి పెద్ద చర్చిలో భార్యాభర్తలిద్దరూ మోకరిల్లిన రాతిబొమ్మలున్నాయన్న చోట సిస్టర్ అందుకున్నారు.

"చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని. ఆమె మొకం మీద చెయ్యి పెడితే మా అమ్మ కొట్టింది."

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. అందరికంటే ఎక్కువగా.

ఎక్కడో ఉన్న ఊరిని చదివి తెలుసుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి పెద్దమ్మ గంప పక్కన కూర్చున్నప్పుడే ఆ ఊరి మనుషులు నాకు కనిపించారు. ఆ అల్లుడు తొలిరోజు ఆ గడప ఎలా దాటాడో అని తిరుగు దారంతా ఆలోచించాను.

మీరెప్పుడైనా పటాన్‌చెరు వెళ్తే, ఫ్యాక్టరీల సాయంత్రం షిఫ్టు సైరను మోగకముందే బస్టాండుకు చేరండి. తర్వాత నిలబడడానికి కూడా చోటుండదు.

వచ్చే నెల నా పెళ్ళి. అబ్బాయి మా ఇంటికే వస్తున్నాడు.