సైదులన్న అద్దాలు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరైనా కళ్ల మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడతాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోదాడలో కళ్లద్దాల దుకాణం. వెనక గదిలో అద్దాలకు పూతలు వేసేది నేనే. ఇప్పుడు అద్దాలన్నీ ప్లాస్టిక్కే కదా. గీతలు పడకుండా ముందు ఒక ద్రావణంలో ముంచి, ఓవెన్‌లో గట్టిపడనిస్తాం. ఎదుటి లైట్లు కళ్లలో కొట్టకుండా దాని మీద మరో పలుచటి పూత. కింది పూత సరిగా ఆరకపోతే పైది నిలవదు. తెలియక చేసిన తప్పయితే నాకింత బాధ ఉండేదా?

మునగాల సైదులన్న డీసీఎం లారీ నడిపేవాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలడం పని. ఆయన అద్దాలు ఓవెన్‌లో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదటి నుంచి వేడి చేయాలి. బయట ఆయన లోడు పెట్టుకుని తొందరపెడుతున్నాడు, నాకూ విసుగు. సగం ఆరినవాటి మీదే పై పూత వేసి ఇచ్చేశాను.

ఎండలు ముదిరాక తిరిగొచ్చాడు.

“తమ్మీ, ఎదురుంగ బండొస్తే లైటు ముక్కలు ముక్కలుగ కనవడుతుంది. అద్దాలల్ల ఏమన్న ఉన్నదా, జర సూడు.”

దీపం కింద పెట్టి చూశాను. పూతంతా సాలెగూడులా సన్నగా పగిలింది. ఓనరుకు తెలిస్తే పని పోతుంది. ఆ భయం ఒక్కటేనా? చేయి తిరిగినవాడినని నాకున్న పొగరు కూడా.

“అద్దాలు మంచిగనే ఉన్నయన్నా. నీ కండ్లే ఖరాబైతున్నయ్.”

ఆయన నా మాట నమ్మేశాడు. దవాఖానకూ పోలేదు. బండి అమ్మేసి అన్నదమ్ములతో గొర్లు కాసుకుంటున్నాడు. హైవే పక్కన మందతో కనిపిస్తే బస్సులో తల దించుకుంటాను.

మొన్న సైదులన్న తన బావమరిదికి అద్దాలు చేయించడానికి దుకాణానికి వచ్చాడు. ఆ రోజు నేను కళ్ల సంగతి చెప్పి ఆపకపోతే, తను బండితో ఎవరి ప్రాణమో తీసేవాడని అతనికి చెప్పాడు. నా చేతిలో జున్ను డబ్బా పెట్టాడు.

డబ్బా ఇంకా నా ఇంట్లోనే ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదంటారు. అందులో ఏం పెట్టి ఇవ్వను? ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, సిగ్గు మాత్రం తగ్గలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. సైదులన్న కళ్లకు ఏమీ కాలేదు. పగిలింది నేను వేసిన పూత.