నాపరాళ్ళ మీది ఓనమాలు

టైల్స్ కోసిన దుమ్ము వాసన తగిలితే నాకిప్పుడు ఒళ్ళు మండుతోంది. పోయిన వారం మా ఊరి శివాలయం మండపం నిండా అదే వాసన.

మా చిన్నప్పుడు ఆ మండపంలో నాపరాళ్ళ మీద అక్షరాలు చెక్కి ఉండేవి. పూర్వం ఒక బడిపంతులు పిల్లలకు చదువు చెప్పడానికి మండపం కట్టి, ఆ తర్వాతే పక్కన శివుణ్ణి నిలబెట్టాడని మా నాయనమ్మ చెప్పేది. అందుకే అది పంతులోరి గుడి. వెచ్చటి రాతి మీద బోర్లా పడుకుని "ఓ న మః" గాడిలో వేలు పెట్టి దిద్దేవాళ్ళం. గాడి నిండా పసుపు, చీమలు, దీపాల నూనె జిడ్డు. వేలు నల్లబడితే నాయనమ్మ నవ్వేది: "చదువంటుకుందే నీకు!"

ఇప్పుడు వాటి మీద తెల్లటి టైల్స్ పరిచేశారు. గుడి కమిటీ ప్రెసిడెంటును నిలదీశాను.

"ఎందుకు కప్పేశారు బాబాయ్?"

"దేవుడి అక్షరాలు తొక్కితే పాపం గదమ్మా."

"అవి దిద్దడానికి చెక్కినవి."

"దిద్దేటోళ్ళు యాడున్నారే ఇప్పుడు? సరేగానీ, చానా చదివినావు గదా, గుడి చరిత్ర రాసియ్యి, పాలరాతి మీద చెక్కిస్తా. ఎవరో పూజారి పంతులు కట్టాడు, మా నాయన బాగు చేయించాడు, అంతే."

పంతులంటే పూజారే అనుకున్నాడు మహానుభావుడు! అక్కడికక్కడే రాసిచ్చాను: "ఇది బడి. కట్టింది బడిపంతులు. ఆయన చెక్కిన ఓనమాలను టైల్స్ కింద పూడ్చింది ఈ కమిటీ."

చదివి మొహం మాడ్చుకున్నాడు. "ఏమే, ఇది చెక్కిస్తే ఊళ్ళో తల ఎట్టా ఎత్తుకోవాల?"

"ముందు టైల్స్ ఎత్తు బాబాయ్. తల దానంతటదే లేస్తుంది."