ఒంటి చెప్పు

షుగరు వల్ల నాయన ఎడమ పాదానికి పుండు పడింది. కట్టు కట్టిన కాలికి చెప్పు పట్టేది కాదు. కుడికాలికి చెప్పు వేసుకొని, ఎడమకాలి కట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకొని, మడకశిరలో మొదటి బస్సు ఎక్కాడు. తోడుగా నేను.

మేము పోవాల్సిన పట్నం ఆస్పత్రి ఒకప్పుడు బస్టాండు ఎదురుగానే ఉండేది. కార్లు నిలపడానికి చోటు చాలడం లేదని బైపాసు పక్కకు మార్చారు. కార్లకు చోటు దొరికింది. మా బస్సు మాత్రం ఇప్పటికీ బస్టాండుకే పోతుంది. అక్కడి నుంచి షేర్ ఆటో. ఆటో బైపాసు మలుపులో దించేస్తే ఆపైన ఎండలో నడక. నాయన ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగాడు.

మేము చేరేసరికి చీటీలిచ్చే కిటికీ ముందు మనుషులు తక్కువ, చెప్పులు ఎక్కువ. పట్నంవాళ్ళు తెల్లవారుతూనే కారులోనో బండి మీదో వచ్చి, ఒక పాత జత వరుసలో వదిలి, ఇంటికి పోయి టిఫిన్ చేసి వస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. అందరూ పాటిస్తారు.

ఆ రోజు నాయనను మెట్ల మీద కూర్చోబెట్టి, ఆయన చెప్పు వరుస చివర పెట్టి, నీళ్ళు తేవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి చెప్పు గోడవారన పడి ఉంది. దాని చోట ఒక జత ఉంది. ఆ జత వెనకాల ఇంకా చాలా జతలు చేరాయి. జత తాలూకు మనిషి చేతిలో కారు తాళంతో పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఈడ మా నాయన చెప్పు పెట్టింటి కదన్నా?"

"ఒకటే ఉన్నింది. ఎవరో పారేసినారనుకున్న్యా. ఒంటి చెప్పును ఎట్ల లెక్కేసుకునేదప్పా?"

పక్కనున్న ఒక ముసలామె ఊరుకోలేదు. "ఆయప్ప కాలికి కట్టుండాది, కనపడలేదా? రెండో చెప్పు యాడ తగిలించుకుంటాడు, చెవికా?"

కొందరు నవ్వారు. కారాయన కదల్లేదు. మెట్ల మీద నుంచి నాయన అన్నాడు, "చెప్పు ఒద్దులేరా. నన్నే పెట్టు వరసలో. నాకింకా రెండు కాళ్ళుండాయి."

సెక్యూరిటీ అతను వచ్చి, "గలాటా వద్దప్పా, చివరికి పోండి" అన్నాడు. పోయాం. మా వంతు రాకముందే చీటీలు అయిపోయాయి. కాళ్ళ డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు.

మరుసటి వారం పక్కింటాయన జాలిపడి తన కారులో తీసుకుపోయాడు. కారు నేరుగా కిటికీ దగ్గరే ఆగింది. చీటీ దొరికింది. డాక్టరు కట్టు విప్పాడు. వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"ఇంతదాకా ఏం చేస్తాండారు? ముందే రాకూడదా?"

"వచ్చినాం సార్," అన్నాడు నాయన. "పోయిన వారం మీ కిటికీ దాకా వచ్చినాం."

డాక్టరు మోకాలి కిందికి కాలు తీసేయాలన్నాడు. నాయన ఆ ఆపరేషన్‌ను తట్టుకోలేక చనిపోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, ముందే చూపించి ఉంటే బాగుండేది కదా అంటున్నారు. మొదట్లో బస్సు గురించీ బైపాసు గురించీ వివరంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు. చూపించడానికే పోయినామని చెప్పి ఊరుకుంటున్నాను.