నమ్‌ఖాయ్ అమ్మేసిన ముసలి గుర్రాలు

మా లోయలో గుర్రాల మంద అంటే నమ్‌ఖాయ్ అన్నదే. పందెంలో పరిగెత్తే కుర్ర గుర్రాలంటే ఆయనకు ప్రాణం, ముసలివంటే చిరాకు. ఆయన భార్య ఓయూన్ వదిన అలా కాదు. రోజూ ఆడగుర్రాల పాలు పితికే మనిషి కాబట్టి, ఏ గుర్రం బుద్ధి ఎలాంటిదో ఆమెకు బాగా తెలుసు.

ఆ ఏడు వానల్లేవు. గడ్డి గిట్టల ఎత్తు కూడా లేవలేదు. చలి మొదలవకముందే మాంసం వ్యాపారి లారీ వచ్చింది. నమ్‌ఖాయ్ ముసలి ఆడగుర్రాలన్నిటినీ పక్కకు తోలించాడు. పక్క గుడారం వాణ్ణి కాబట్టి సాయానికి నేనూ వెళ్లాను.

"ముసలివాటిని ఉండనీవయ్యా. కావాలంటే కుర్రవాటిని కొన్ని ఇచ్చెయ్యి" అంది వదిన.

"పళ్లూడినవాటిని మేపుకుంటూ కూచోమంటావా?"

"మందను నిలబెట్టేవి అవే. కుర్రవి గుడారం గుడ్డ రెపరెపలాడినా కొండ దాటేస్తాయి. తుఫానొస్తే గాలి ఎటు తోస్తే అటు పోతాయి. ముసలిదైతే గాలికి వీపు పెట్టి కదలదు."

"పోతుగుర్రం లేదూ?"

"అదెంతటిది? నిన్న మొన్నటిదాకా తల్లి వెనకాల తిరిగిందేగా!"

"నీకూ వయసు మీద పడుతోందే. అందుకే వాటి తరఫున వాదిస్తున్నావ్" అని ఆయన నవ్వాడు. లారీవాడూ నవ్వాడు.

వదిన వెళ్లి ఒక బూడిదరంగు గుర్రం మెడ చుట్టూ చేతులు వేసింది. పెళ్లినాడు ఆమె ఎక్కి వచ్చిన గుర్రానికి పుట్టిన పిల్ల అది. "ఇది మాత్రం ఎక్కదు" అంది.

మిగతావి ఎక్కాయి. కుర్రవైతే తన్ని చెక్కలు విరగ్గొట్టేవి. ఇవి బెదరలేదు, పెనుగులాడలేదు. ఒకదాని వెనక ఒకటి లారీలోకి నడిచిపోయాయి.

చలికాలంలో మంచు పడి, కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టింది. కుర్ర గుర్రాలు ఇక్కడ నాలుగు సార్లు, అక్కడ నాలుగు సార్లు గిట్టలతో మంచు గీకి, గడ్డి దొరక్క విసిగి తిరిగేవి. బూడిదరంగుది ఒకే చోట నిదానంగా తవ్వేది. కుర్రవాటిలో దాని కూతుళ్లు రెండు మాత్రం పక్కన చేరి తినేవి.

ఒక మధ్యాహ్నం నేను వాళ్ల గుడారంలో ఉండగా ఉత్తరం నుంచి తుఫాను విరుచుకుపడింది. చూస్తుండగానే మంద గాలివాటున పరుగందుకుంది. నమ్‌ఖాయ్ జీను తీసుకుని బయటికి ఉరికాడు.

"ఆగవయ్యా, చస్తావ్!" అని వదిన ఆయన నడుము పట్టుకుని లోపలికి లాగింది. నేను అడ్డంగా నిలబడకపోతే ఆమె వల్ల అయ్యేది కాదు.

గాలి తగ్గాక వెతుకుతూ వెళ్లాం. ఒక వాగు గండిలో గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడి చచ్చి ఉన్నాయి. ఆయన ముద్దుగా పెంచుకున్న పందెపు గుర్రం ఒకటి మాత్రం గట్టున నిలబడి ఉంది. నమ్‌ఖాయ్ గబగబా వెళ్లి దాని ముఖం మీద మంచు తుడిచాడు.

"పద నాన్నా, ఇంటికి పోదాం."

అది నిలబడే గడ్డకట్టి చచ్చిపోయి ఉంది. ఆయన ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

మందలో మిగిలింది బూడిదరంగుదీ, దాని కూతుళ్లే. గుడారాలకు దగ్గర్లోనే, రాళ్ల చాటున, గాలికి వీపు పెట్టి నిలబడి ఉన్నాయి. వదిన ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేదని నమ్‌ఖాయ్ నాతో అన్నాడు.

వసంతంలో కొరకడానికి పళ్లు లేక బూడిదరంగుది చిక్కిపోయింది. వదిన తవుడు నానబెట్టి పెట్టేది. అయినా ఒక ఉదయం పడుకున్నది మళ్లీ లేవలేదు. నమ్‌ఖాయ్ దాని తలను కొండ మీది రాళ్లగుట్ట దాకా మోసుకెళ్లి పెట్టి వచ్చాడు. మంచి గుర్రానికి మా వైపు చేసే మర్యాద అది.

మిగిలిన రెండింటినీ నాకు అప్పగించి ఇద్దరూ పట్నం వెళ్లిపోయారు. ఆయన బొగ్గు డిపోలో కాపలాకి కుదిరాడు. ఈమధ్య చూసి వచ్చాను. కొలిమిలా పొగ నిండిన గదిలో వదిన దగ్గుతూ టీ పోసింది.

"గుర్రమెక్కి ఎన్నాళ్లయిందన్నా?" అని అడిగాను.

"ఇక్కడ ఎక్కడానికి బొగ్గు గుట్టలు తప్ప ఏమున్నాయిరా?" అన్నాడు.

మా వైపు అలవాటుగా టీలో వేసే ఉప్పు సరిపోయింది కానీ, పాలు పొడి పాలు.